కట్టుకొయ్యకు విమానం

జానీబీకి లెక్క నూరు దాకానే వచ్చు. ఆ నూరూ బళ్లో నేర్చుకున్నది కాదు, మిరపకాయల మీద నేర్చుకున్నది. ఒంగోలు అవతల పల్లెలో పుట్టిన మనిషి. తండ్రి పీరు సాహెబుకు రెండెద్దులు, మూడెకరాల మెరక, ఊరికంతా పంచినా తరగని గర్వం ఉండేవి. కాపురానికి ప్రత్తిపాడు వచ్చేటప్పుడు కూతురికి ఆయన సారె పెట్టగలిగింది ఆ గర్వం ఒక్కటే. జానీబీ దాన్ని భద్రంగా దాచుకుంది. రోజూ వాడుకుంది కూడా.

పంతొమ్మిది వందల అరవై రెండో సంవత్సరం వేసవిలో ఆమెకు ఒక కొత్త అలవాటు పట్టింది. సాయంత్రం నాలుగు దాటాక వసారాలో కూచుని, ముందు కాయల రాశి పోసుకుని తొడిమలు తీస్తూ, చెవి మాత్రం పడమటి వైపు వేసి ఉంచేది. పక్కన కూచుని తొడిమలు తీసే సుబ్బరావమ్మ ఏం అడిగినా బదులు చెప్పేది కాదు. పెదాలు కదులుతుండేవి. పదకొండు, పన్నెండు, పదమూడు.

"జపం చేస్తన్నావా, కాయలు తీస్తన్నావా?" అనేది సుబ్బరావమ్మ.

"నోరు మూసుకోవే తల్లీ, లెక్క తప్పుద్ది," అనేది జానీబీ.

ఆ లెక్క ఏమిటో తెలియాలంటే ఆమె మొగుడి సంగతి చెప్పుకోవాలి.

బుడాన్ పదేళ్లు బెంగుళూరులో విమాన దళంలో ఫిట్టరుగా చేసి వచ్చినవాడు. ప్రత్తిపాడు చుట్టుపక్కల ఏ బావి మీద ఆయిలింజను మొరాయించినా ముందు అతనికే కబురు వచ్చేది. ఇంజను మీద చెయ్యి వేసి, తల వంచి విని, ఇదీ రోగం అని చెప్పేవాడు. చెప్పిందే అయ్యేది. ఆ చెయ్యే వాళ్ల ఇంటికి ఆధారం. పొలం లేదు, పుట్ర లేదు. ఆ ఐదు వేళ్లూ సరిగ్గా ఉంటే పొయ్యి రగులుతుంది, లేకపోతే లేదు.

కొలువు మానేసి వచ్చేటప్పుడు అందరూ పెట్టెలో చీరలూ గిన్నెలూ తెచ్చుకుంటారు. బుడాన్ ఒక నిమ్మకాయంత ఇంజను తెచ్చుకున్నాడు. అది తిరుగుతుంది, నిజంగానే. కిరసనాయిలు, ఆముదం, ఆసుపత్రి కాంపౌండరు దగ్గర బతిమాలి తెచ్చిన ఈథరు కలిపి పోస్తే, ముందున్న చెక్క పంకాను వేలితో చటుక్కున తిప్పితే, కందిరీగల తుట్టె కదిలినట్టు మోగుతుంది. దానికి తగిన విమానం తనే చేశాడు. బొమ్మలు చేసే పొణికి చెక్కతో ఒళ్లు, బాసికాలు చేసే జీలుగు బెండుతో రెక్కలు, పైన గాలిపటాల కాగితం, అతకటానికి తుమ్మబంక. మూరెడు పొడుగు ఉంటుంది.

అది ఇష్టమొచ్చినట్టు ఎగిరిపోయే బొమ్మ కాదు. దాని రెక్క నుంచి రెండు సన్నటి ఉక్కు తీగలు వస్తాయి, ఎనిమిది బారల పొడుగు. ఆ తీగల కొసన ఒక పిడి. బుడాన్ కళ్లం నడిమధ్య నిలబడి పిడి పట్టుకుంటే, విమానం అతని చుట్టూ గానుగెద్దులా తిరుగుతుంది. పిడి పైకి వంచితే లేస్తుంది, కిందికి వంచితే దిగుతుంది. తీగలు బిగువుగా ఉన్నంతసేపే అది అతని మాట వింటుంది. సడలాయా, ఇక అది ఎవరి మాటా వినదు.

చిక్కు ఎక్కడంటే, ఇంజను వెయ్యటానికి విమానం దగ్గర ఉండాలి, పిడి పట్టటానికి మధ్యలో ఉండాలి. ఒకడే మనిషి రెండు చోట్ల ఉండలేడు కదా. అందుకని ఆరేళ్లపాటు విమానం పట్టుకున్నది జానీబీ. రెక్కల వెనక గొంతుక్కూచుని, ఆముదం చిట్లి మొహాన పడుతుంటే, అది పారిపోవాలని గుంజుకుంటుంటే, రెండు చేతులా అదిమి పట్టి ఉండేది. బుడాన్ చుట్టూ తిరిగి వెళ్లి, పిడికి ఉన్న తోలు ఉచ్చు మణికట్టుకు వేసుకుని, ఎడమ చెయ్యి ఎత్తేవాడు. అప్పుడు వదలాలి. తొయ్యకూడదు, ఉత్తినే వదలాలి. ఊళ్లో ఇంకే మొగాడికీ అది చేతకాలేదు. కళ్లం యజమాని యలమందయ్య ఒకసారి పట్టుకుని, ఇంజను మోగగానే కళ్లు మూసుకుని దణ్ణం పెట్టాడు. దణ్ణం పెట్టాలంటే రెండు చేతులూ కావాలి. విమానం మిరప చేలో పడింది.

జానీబీకి ఆ పని మీద గర్వం ఉండేది. బయటికి మాత్రం, "ఈ ఈగను పట్టుకోవటానికేనా మా నాయన నన్ను నీకిచ్చింది" అని తిట్టేది.

పోయిన వేసవిలో ఆ గర్వానికి దెబ్బ తగిలింది. కాయలు ఎత్తేసిన కళ్లంలో గింజలు, పొట్టు, ఎర్రటి పొడి మిగిలి ఉన్నాయి. పంకా గాలికి ఆ పొడి లేచి ఆమె కళ్లలో కొట్టింది. మిరప పొడి కళ్లలో పడితే ఎట్లా ఉంటుందో ఈ నేల మీద పుట్టినవాళ్లకు చెప్పక్కరలేదు. చేతులు వాటంతట అవే మొహం మీదికి పోయాయి. బుడాన్ అప్పుడే పిడి కోసం వంగుతున్నాడు. తీగలు నేల మీద వదులుగా పడి ఉన్నాయి. విమానం రెండు గంతులు వేసి, లోపలికి తిరిగి, సూటిగా అతని మీదికే పోయింది. మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. కుడి చూపుడు వేలు గోరు దగ్గర తెగింది.

నెల రోజులు కట్టుతో తిరిగాడు. నెల రోజులు జానీబీ అతని చెయ్యి వంక చూడకుండా అన్నం పెట్టింది. "చెయ్యి జారింది" అని ఒకే ఒక్క మాట అంది. అతనూ ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది. అతను ఏమీ అనకపోవటం ఆమె గొంతులో చేపముల్లులా నిలిచిపోయింది. కట్టు విప్పిన రోజున, పొట్టిదైపోయిన ఆ వేలు చూసి, ఆమె పెద్ద మాట అనేసింది.

"ఇయ్యాల్టి నుంచీ ఆ ఈగను నేను ముట్టుకుంటే నీ తల మీద ఒట్టు."

తన తల మీద పెట్టుకుంటే ఎప్పుడో ఒకప్పుడు తనే తీసేసుకుంటుందని ఆమెకు తెలుసు. అందుకే అతని తల మీద పెట్టింది. పట్టుకునేవాళ్లు లేకపోతే ఎగరేసేవాడు ఏం ఎగరేస్తాడు, పెట్టె కిందికి తోసేస్తాడు, ఆ మిగిలిన తొమ్మిదిన్నర వేళ్లూ దక్కుతాయి అనుకుంది. అట్లా అనుకున్నది ఆమె. అతను మెకానిక్కు కదా, ఒకటి పని చెయ్యకపోతే ఇంకొకటి పెట్టి నడిపిస్తాడు.

ఏడాది తిరిగి కళ్లాలు ఖాళీ అయ్యేసరికి బుడాన్ ఒక కట్టుకొయ్య చేశాడు. ఎద్దును కట్టేసే కొయ్యలాంటిదే, జానెడు పొడుగు. దాని నెత్తిన ఇనప బందు, బందులో అడ్డంగా ఒక మేకు. విమానం తోక ఆ మేకుకు తగులుకుని ఉంటుంది. మేకుకు కట్టిన దారం కొస కళ్లం మధ్య దాకా పోతుంది. మధ్యలో నిలబడి దారం లాగితే మేకు ఊడి, విమానం కదులుతుంది.

"ఇంక నువ్వక్కర్లా," అన్నాడు, బిడ్డను చూపించినట్టు దాన్ని చూపిస్తూ.

జానీబీ కొయ్యను అటూ ఇటూ తిప్పి చూసింది. "ఒక్కడివే ఎగరేస్తావా?"

"ఒట్టు పెట్టింది నువ్వేగా."

"ఏదన్నా అయితే ఎవురు చూస్తారు?"

"ఏం కాదులే."

ఏం కాదులే అని మొగాళ్లు ఎంత తేలిగ్గా అంటారో. ఆమెకు కూడా వెళ్లాలని ఉంది. ఆమె వెళితే అతను విమానం చేతిలో పెడతాడేమోనని భయం. పెడితే, పట్టుకోకుండా ఉండలేనేమోనని ఇంకా భయం. అందుకని ఇంట్లో కూచుని వినటం మొదలుపెట్టింది. కళ్లం ఇంటికి రెండు చేల అవతలే. ఇంజను అంటుకున్న చప్పుడు స్పష్టంగా వస్తుంది. అప్పటినుంచి ఆమె కాయలు లెక్కపెడుతుంది. అతను విమానం వెనకనుంచి లేచి, తీగలు తొక్కకుండా చుట్టూ తిరిగి మధ్యకు పోయి, ఉచ్చు వేసుకుని, పిడి తలకిందులుగా పట్టుకోలేదు కదా అని చూసుకుని, దారం లాగేసరికి ఆమె చేతిలో ముప్పై తొడిమలు పడతాయి. అప్పుడు చప్పుడు మారుతుంది, దూరమవుతూ దగ్గరవుతూ తిరుగుతుంది. లేచింది అన్నమాట. అప్పటిదాకా బిగబట్టిన ఊపిరి వదిలేది. ఆ నెలలో తొమ్మిదిసార్లు విన్నది. తొమ్మిదిసార్లూ ముప్పైకి అటూ ఇటూగానే వచ్చింది.

పదోసారి శుక్రవారం. పొద్దున్నే బస్తా మూతులు కుడదామని చూస్తే పురికొస ఉండ కనపడలేదు. మూలమూలా వెతికింది.

"ఆయనేమన్నా తీసుకెళ్లాడేమో," అంది సుబ్బరావమ్మ.

"పురికొసతో ఆయనకేం పని?" అంది గాని, ఆ మాట నోట్లోంచి వచ్చాక కళ్లం వైపు ఒకసారి చూసింది. మధ్యాహ్నం బుడాన్ అన్నానికి వచ్చినప్పుడు అడుగుదామనుకుంది. యలమందయ్య బావి మీద ఇంజను బాగుచేసి అలిసి వచ్చాడు, తిని పడుకున్నాడు. లేచి విమానం పట్టుకుని వెళ్లేటప్పుడు ఆమె దొడ్లో ఉంది. అడగటం కుదరలేదు.

ఇంజను అంటుకుంది. జానీబీ లెక్క మొదలుపెట్టింది.

ఇరవై అయ్యాయి. ముప్పై అయ్యాయి. చప్పుడు మారలేదు. ముప్పై ఐదు. ఉచ్చు సర్దుకుంటున్నాడేమో. నలభై. చేతులు త్వరత్వరగా తీస్తున్నాయేమోనని నెమ్మదిగా తియ్యబోయింది. నెమ్మది ఆమె చేతులకు రాలేదు. నలభై ఎనిమిది. ఒకేచోట, ఒకే గొంతుతో, గుంజుకుంటున్న చప్పుడు. మధ్యలో ఒకటి రెండుసార్లు గొంతు పట్టినట్టై మళ్లీ అందుకుంది.

"యాభై దాటిందే," అంది జానీబీ.

"ఏంది దాటింది?"

జానీబీ లేచింది. ఒళ్లోని కాయలు చెల్లాచెదరైనాయి. చెప్పులు కూడా వేసుకోలేదు. ముప్పై నాలుగేళ్ల మనిషి, చీర మోకాళ్ల దాకా ఎగదోపుకుని, నెర్రెలిచ్చిన నల్లరేగడిలో పరుగెత్తింది. అతను పడిపోయి ఉంటే ఇంజను దానంతట అది మోగుతూ ఉంటుంది కదా. ఆ ఆలోచన ఒక్కటే తలలో ఉంది.

పడిపోలేదు. కళ్లం మధ్యలో నిలబడే ఉన్నాడు. కుడి మణికట్టుకు ఉచ్చు, చేతిలో పిడి. ఎడమ చేతిలో పురికొస. లాగుతున్నాడు. మేకు లేదు. మేకుకు బదులు పురికొస ముడి ఉంది. ఆ ముడి కొయ్య దగ్గర లేదు, విమానం తోక దగ్గర ఉంది. అతను లాగినకొద్దీ ముడి బిగుసుకుంటోంది. బిగుసుకున్నకొద్దీ విమానం లోపలికి జరుగుతోంది, ఉక్కు తీగలు నేలకు వాలుతున్నాయి. దానికంటే ఘోరం, కళ్లం అంచున నెర్రె పక్కనే కొట్టిన కొయ్య పన్ను కదిలినట్టు కదులుతోంది. ఇంకో రెండు లాగులకు ఊడుతుంది. ఊడితే, తోకకు కొయ్య వేలాడేసుకుని, సడలిన తీగలతో ఆ పురుగు ఎటు పోతుందో. పోయినేడు ఎటు పోయిందో ఆమెకు తెలుసు.

"లాగమాక," అని అరిచింది. "లాగమాకయ్యా."

ఇంజను హోరులో ఆ మాట ఆమెకే వినపడలేదు. ఎర్ర పొడి లేచి పొగలా కమ్ముకుంది. దాని అవతల అతను తల వంచుకుని పురికొసతో పోట్లాడుతున్నాడు. ఇటు చూడటం లేదు.

ఆరేళ్ల అలవాటు ఆమె కాళ్లకు ఉంది. పంకా ముందు నుంచి పోలేదు, తీగల మీద నుంచి పోలేదు. వెనకనుంచి చుట్టివచ్చి కొయ్య దగ్గర మోకాళ్ల మీద కూలబడింది. చేతులు విమానం మీదికి పోయాయి. జానెడు దూరంలో ఆగిపోయాయి.

నీ తల మీద ఒట్టు.

ముట్టుకుంటే అతని తల. ముట్టుకోకపోతే అతని చెయ్యి, కాకపోతే కన్ను, కాకపోతే ఇంకేదో. పొట్టు కళ్లలో కొడుతోంది. కళ్ల నీళ్లు ఏడుపువో మంటవో తెలియలేదు. ఈసారి మాత్రం చేతులు మొహం మీదికి పోలేదు. రెండు చేతులతో కొయ్యను పట్టి, మీద పడి, ఒంటి బరువంతా వేసి నేలలోకి అదిమింది. ఒట్టు ఈగ మీద పెట్టింది, కొయ్య మీద పెట్టలేదు. కుడి కాలు చాపి, తోకకు జానెడు ఇవతల పురికొసను పాదం కింద నొక్కి పట్టింది.

లాగితే పురికొస రాకపోయేసరికి బుడాన్ తలెత్తాడు. పొడిలో ఎర్ర చీర కనపడింది. ఒక క్షణం అట్లాగే చూశాడు. తరవాత ఎడమ చేతిలోని పురికొస కింద పడేసి, పిడిని రెండు చేతులా పట్టుకుని, రెండడుగులు వెనక్కి వేసి, తీగలు బిగించి నిలబడ్డాడు.

అతను పిడి వదిలి రాలేడు. వదిలి వచ్చే లోపల కొయ్య ఊడితే, విమానం ఆమె మీదికే తిరుగుతుంది. ఆమె కొయ్య వదిలి లేవలేదు. ఎనిమిది బారల దూరంలో మొగుడూ పెళ్లాం, మధ్యలో రెండు తీగలు. ఇంజను తొట్లో నూనె అయిపోవాలి. అంతకు మించి చేసేది లేదు.

జానీబీ కళ్లు మూసుకుని లెక్కపెట్టింది. నూరు దాకా వచ్చింది. నూరు తరవాత ఏమంటారో రాదు. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది. పాదం కింద పురికొస వణుకుతోంది. ఆముదం చిట్లి నుదుటి మీద పడుతోంది. రెండో నూరు అయింది. మూడో నూట్లో అరవై దగ్గర ఇంజను దగ్గింది. అరవై రెండు దగ్గర ఆగిపోయింది.

చెవులు గింగిర్లెత్తుతున్నాయి. ఎక్కడో యలమందయ్య ఎద్దు రంకె వేసింది. బుడాన్ పిడి కింద పెట్టి, పరుగెత్తుకొచ్చి, పై గుడ్డతో ఆమె మొహం తుడవబోయాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుంది. కళ్లు తెరవలేక తడిమి చూసింది. బొటనవేలు, పొట్టి వేలు, నడిమి వేలు, ఉంగరం వేలు, చిటికెన వేలు.

"మేకేదయ్యా?" అంది.

"యలమందయ్య ఇంజన్లో పెట్టొచ్చా. అక్కడి మేకు అరిగిపోయింది. ఈ పూటకి పురికొస చాల్లే అనుకున్నా."

"ఊరందరి ఇంజన్లకీ మేకులుంటాయి. నీ ప్రాణానికి మాత్రం పురికొస."

అతను లేచాడు. నీళ్లు తెచ్చి కళ్లు కడిగాడు. కడుగుతుంటే, మొహం అటు తిప్పుకుని ఆమె చెప్పింది. "పోయినేడు చెయ్యి జారలా. నేనే వదిలేశా."

"తెలుసు."

"తెలుసా?"

"పొడి నీ కళ్లల్లో కొట్టింది. వంగినోణ్ణి వంగినట్టే చూశా."

"మరి ఏడాది బట్టీ నోట్లో బెల్లంగడ్డ ఉందా?"

"నువ్వు జారిందన్నావుగా. కాదంటే ఊరుకుంటావా?"

ఊరుకోదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. అందుకే మాట కొయ్య మీదికి తిప్పింది. "ఎవురేశారీ ముడి? ఎద్దును కట్టేటప్పుడు ముడి ఎక్కడేస్తారు? మెడ దగ్గరా, కొయ్య దగ్గరా? పాకకు నిప్పంటుకుంటే ఎద్దు గుంజుకుంటుంటే మెడ దగ్గర ముడి నీ అబ్బ విప్పుతాడా? కొయ్య దగ్గర జారుముడి వెయ్యి. కొస లాగితే కొయ్య కాచుకుంటది, ముడి వీడిపోద్ది. మా నాయన ఎద్దులు నీ విమానం కంటే గుంజేవి."

విమాన దళంలో పదేళ్లు చేసిన మనిషి, చేతులు కట్టుకుని విన్నాడు. కొయ్యను నెర్రెకు దూరంగా, గట్టి నేలలో, విమానం గుంజే వైపుకు వెనక్కి వాల్చి ఆమే కొట్టింది. పురికొస ఒక కొస కొయ్యకు కట్టేసి, తోక చుట్టూ అతని చేతే తిప్పించి, రెండో కొస మళ్లీ కొయ్యకు తెచ్చి జారుముడి వేసింది. లాగి చూపించింది. ముడి విప్పుకుని పురికొస తోక మీదుగా పాములా జారి కొయ్య దగ్గరే ఉండిపోయింది. విమానం వెంట్రుకవాసి కదల్లేదు. మళ్లీ వేయించింది. నాలుగుసార్లు అతని చేత వేయించింది. తరవాత పిడి అందుకుని, పైవైపు ఏదో గుడ్డివాడికి కూడా తెలిసేట్టు, చీర అంచు నుంచి ఎర్ర దారం లాగి చుట్టింది.

"రేపటినుంచి ఇంజను ఎయ్యబోయే ముందు కొయ్య చుట్టూ రెండు కడవలు నీళ్లు చల్లు. పొడి లేవదు. ఇంట్లో ఆడోళ్లు రోజూ చల్లేది ఎందుకనుకున్నావు?"

"అయితే రేపు నువ్వొచ్చి పట్టుకోరాదూ. ఒట్టేముంది, నా తలేగా."

"నీ తలే గాబట్టి," అంది జానీబీ, లేచి చీర దులుపుకుంటూ.

ఆ ఒట్టు ఆమె తియ్యలేదు. వానాకాలం కప్పు కారి, విమానం తడిసేట్టుంటే, దాన్ని చేటలోకి తోసి చేటతో ఎత్తి జరిపింది గాని చేత్తో ముట్టుకోలేదు. సుబ్బరావమ్మ నవ్వితే, "నీ మొగుడి తల కాదుగా, నువ్వు నవ్వుతావు" అంది.

ఆ శుక్రవారం మర్నాడు బుడాన్ రెండు కడవలు మోసుకుంటూ కళ్లానికి పోయాడు. మేకు తెచ్చుకోలేదు. జారుముడే మేలన్నాడట యలమందయ్యతో, కనిపెట్టింది తనే అయినట్టు. జానీబీ వసారాలో కూచుంది. ఇంజను అంటుకుంది. ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది. ముప్పై. ముప్పై ఒకటి. ముప్పై రెండు దగ్గర చప్పుడు కదిలింది. దూరమైంది, దగ్గరైంది, దూరమైంది.

"లేచిందా?" అంది సుబ్బరావమ్మ. ఆమెకు కూడా లెక్క అంటుకుంది.

జానీబీ తల ఊపింది. గుండె మాత్రం దిగలేదు. అది దిగేది నూనె అయిపోయి, ఇంజను ఆగి, అతను వీధి మలుపు తిరిగి వచ్చాకే. వచ్చేటప్పుడు అతని చంకలో విమానం ఉండేది. ఎట్లా ఎగిరిందో చెప్పబోయేవాడు. ఆమె వినేది కాదు. కుడి చెయ్యి ముందుకు చాపమనేది. చాపేవాడు. వేళ్లు లెక్కపెట్టేది. నూరు దాకా వచ్చిన మనిషికి ఐదు ఎంతసేపు. అయినా రెండుసార్లు లెక్కపెట్టి అప్పుడు అన్నం వడ్డించేది.